పాఠాలు ఫోనులో ఉన్నాయి, పని ఎక్కడుంది?

చిత్తూరు నుంచి బెంగుళూరుకు సుమారు 180 కిలోమీటర్లు. మద్రాసు ఇంకా దగ్గర. కంప్యూటర్ పనికి పేరుపడ్డ రెండు మహానగరాల నడుమ ఉన్న జిల్లా మనది. ఉదయం బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి రెండింటిలో ఏదో ఒక ఊళ్లో దిగొచ్చు. ఇంత దగ్గరుండి మనకు దక్కిందేమిటి? బస్సు టికెట్టు! చదువైపోయిన ప్రతి పిల్లవాడూ సంచి భుజానేసుకుని మారతహళ్లికో, బీటీఎం లేఔట్‌కో, లేదంటే హైదరాబాద్ అమీర్‌పేటకో పోతున్నాడు. ఆరుగురు ఒక గదిలో సర్దుకుని, కోచింగ్ సెంటరుకు ఫీజు కట్టి, మళ్లీ మొదట్నుంచి చదువుతున్నాడు. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు ఇవ్వలేనిది నాలుగు నెలల కోచింగ్ ఇస్తుందట!

ఆ సెంటర్ల గోడల మీద కొన్నేళ్లుగా పెద్దక్షరాలతో కనిపిస్తున్న మాట 'డెవాప్స్'. ఫీజు ముప్పై వేలనే అనుకుందాం. 2025 వేసవిలో మన జిల్లా తోతాపురి రైతుకు కిలోకు 12 రూపాయలు ముట్టాలని ప్రభుత్వం లెక్క కట్టింది. అందులో 8 ఫ్యాక్టరీలిచ్చేది, 4 ప్రభుత్వం కలిపేది. ఆ లెక్కన ఒక్క కోర్సు ఫీజుకు రెండున్నర టన్నుల మామిడికాయ తూకం వేయాలి. గది అద్దె, తిండి ఖర్చు వేరే. చిత్తూరు విజయా డెయిరీ 2002లో మూతపడింది. సహకార చక్కెర ఫ్యాక్టరీ మూలబడింది. చెరుకు పోయి, పాలు పోయి, మామిడి దిక్కయిన కుటుంబాలు ఈ ఫీజులు కడుతున్నాయి. కాబట్టి ఈ చదువు సంగతి నేర్చుకునే పిల్లల గొడవే అనుకుని వదిలేసేది కాదు. ఇంటిల్లిపాదీ ఆలోచించాల్సినది, పాలకులను నిలదీయాల్సినది.

ఇంతకీ డెవాప్స్ అంటే ఏమి?

తిరుపతివాళ్లకు దీన్ని చెప్పడం సులువు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు నెలనెలా ఒక తేదీన, ఒక వేళకు ఆన్‌లైన్‌లో వదులుతారు. ఆ నిమిషానికి దేశదేశాల నుంచి జనం ఒక్కసారిగా మీద పడతారు. కొండమీద జనం ఎక్కువైతే వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లు ఎలా తెరుస్తారో, ఇక్కడ సర్వర్లు అలా తెరుచుకోవాలి. రద్దీ తగ్గాక మూసుకోవాలి. ఒకే టికెట్టు ఇద్దరికి పోకూడదు. డబ్బు తెగిన తర్వాత పేజీ నిలిచిపోకూడదు. నిన్న రాసిన కొత్త ప్రోగ్రాము ఈ రోజు ఎక్కించాలంటే వచ్చేవాళ్లను ఆపకుండా ఎక్కించాలి. తప్పు తేలితే నిమిషాల్లో పాతదానికి తిప్పాలి. 2021లో దేవస్థానం ఈ టికెట్ల పనికి జియో సంస్థ సహకారం తీసుకుంది. 2023 జనవరిలో వచ్చిన దేవస్థానం మొబైల్ యాప్ కూడా ఆ సంస్థ తోడ్పాటుతో వచ్చినదే. ఇలాంటి వ్యవస్థను తయారుచేసే పనిని, నిలబెట్టి నడిపే పనిని కలిపి చేసే పద్ధతి పేరే డెవాప్స్.

ఒకప్పుడు ప్రోగ్రాము రాసేవాళ్లు ఒక గదిలో, సర్వర్లు చూసేవాళ్లు ఇంకో గదిలో ఉండేవాళ్లు. రాసినవాడు "నా దగ్గర బాగానే నడిచింది" అనేవాడు. నడిపేవాడు "నువ్విచ్చినదే చెడ్డది" అనేవాడు. మధ్యలో వాడుకునేవాడు చచ్చేవాడు. ఈ పంచాయితీకి తెర దించాలని 2009 అక్టోబరులో బెల్జియం దేశంలోని ఘెంట్ పట్టణంలో పాట్రిక్ డెబోయ్ అనే ఆయన 'డెవాప్స్ డేస్' పేరుతో ఒక సమావేశం పెట్టాడు. పేరు అక్కడ పుట్టింది. అదే ఏడాది ఫ్లికర్ సంస్థ ఇంజనీర్లు ఇద్దరు రోజుకు పదిసార్లకు పైగా కొత్త ప్రోగ్రాము ఎక్కిస్తున్నామని ఒక సభలో చెబితే విన్నవాళ్లు నోరు వెళ్లబెట్టారు. తర్వాత పనిముట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా ఒక పెట్టెలో కట్టే డాకర్ 2013లో, అలాంటి పెట్టెలను వందల యంత్రాల మీద సర్ది కాపు కాసే కుబెర్నెటిస్ 2014లో వచ్చాయి. మార్పులను పరీక్షించి ఎక్కించే జెంకిన్స్, సర్వర్ల అమరికను రాతపూర్వకంగా చేసే యాన్సిబుల్, టెర్రాఫామ్ ఈ బాపతువే.

కృత్రిమ మేధ వచ్చింది, ఇక ఈ పనులుండవు అనేవాళ్లున్నారు. 2024 జూలై 19ని గుర్తు చేసుకోండి. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఒక మార్పును ముందు కొద్ది యంత్రాల మీద చూసి, తర్వాత అందరికీ పంపాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. యంత్రం స్క్రిప్టు రాసిపెట్టగలదు. అర్ధరాత్రి సర్వరు పడిపోతే జవాబుదారీగా నిలబడేది మనిషే.

పాఠాలకు కరువు లేదు

ఈ విద్యకు కావలసిన పాఠం దాదాపు మొత్తం ఉచితం. ఇది మన తల్లిదండ్రులకు ఎవరూ చెప్పని సంగతి! ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పిటెల్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్కులు, క్లౌడ్ కంప్యూటింగ్ పాఠాలు చూడడానికి పైసా కట్టనక్కర్లేదు. కేంద్రం 2017లో స్వయం తెరిచింది. లినక్స్ ఫౌండేషన్ వాళ్ల లినక్స్ పరిచయ పాఠం 2014 నుంచి ఉచితంగా ఉంది. కుబెర్నెటిస్ పరిచయం కూడా ఉంది. లినక్స్, గిట్, జెంకిన్స్, యాన్సిబుల్, కుబెర్నెటిస్ అన్నీ ఎవరైనా దించుకుని వాడుకోగల పనిముట్లు. తెలుగులో చెప్పే వీడియోలు కూడా కావలసినన్ని ఉన్నాయి. పాత ల్యాప్‌టాప్‌లో 8 జీబీ మెమరీ ఉంటే ఇంట్లో కూర్చుని చిన్న కుబెర్నెటిస్‌ను నడిపించుకోవచ్చు.

ప్రభుత్వాలు కూడా పాఠాలు పంచడంలో పోటీ పడ్డాయి. 2022 ఆగస్టులో విశాఖలో సభ పెట్టి విద్యార్థులకు మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు పంచారు. 2024 ఫిబ్రవరిలో ఎడెక్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ప్రభుత్వం మారింది, ఫోటోలు మారాయి. సర్టిఫికెట్ల లెక్క చెప్పేవాళ్లు దొరుకుతున్నారు. ఆ సర్టిఫికెట్లతో సీమలో ఎంతమంది పనిలో చేరారో ఊరూ పేరూ లేని లెక్కలు కాకుండా జిల్లాలవారీ లెక్క చెప్పమనండి చూద్దాం!

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈత వీడియో వంద గంటలు చూసినవాడిని బావిలో దించితే ఏమవుతుంది? డెవాప్స్ చూసి వచ్చే విద్య కాదు, చెడగొట్టి బాగుచేస్తే వచ్చే విద్య. లాగు ఫైళ్లు పెరిగి డిస్కు నిండిపోయి సైటు ఆగిపోతుంది. వెబ్‌సైటు భద్రతా సర్టిఫికెట్టు గడువు దాటి రాత్రికి రాత్రి అందరికీ ఎర్ర హెచ్చరిక కనిపిస్తుంది. కొత్త ప్రోగ్రాము ఎక్కించాక డేటాబేసు నెమ్మదిస్తుంది. బ్యాకప్ ఉందనే అనుకుంటారు, తీసి చూస్తే ఆరు నెలల కిందటిది. ఇవి కోర్సులో వీడియోలుగా ఉంటాయి. మన చేతిలో ఉన్న సర్వరు మీద, మనకోసం ఎవరో కాచుకుని ఉండగా జరిగినప్పుడే బుర్రకెక్కుతాయి. కుబెర్నెటిస్‌కు సికెఎ అని పరీక్ష ఉంది. అందులో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపట్టే బిట్లు ఉండవు. 2 గంటలసేపు టెర్మినల్ ముందు కూర్చోబెట్టి చెడిపోయినదాన్ని బాగుచేయమంటారు. ఫీజు 400 డాలర్లు దాటింది. మన డబ్బుల్లో 35 వేలకు పైమాట.

అనుభవం అంగట్లో దొరుకుతుందా?

ఈ ఉద్యోగాల ప్రకటనలు తిరగేయండి. ఎక్కువ వాటిలో రెండేళ్లో మూడేళ్లో అనుభవం అడుగుతారు. నడుస్తున్న సర్వర్లను కొత్తవాడి చేతిలో పెట్టడానికి ఏ కంపెనీకైనా భయమే. అది అర్థం చేసుకోదగ్గదే. మరి పని ఇవ్వకుండా అనుభవం ఎక్కడ్నుంచి వస్తుంది? అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వ్యవహారం. ఈ సందులో దొంగ అనుభవం అమ్మే దుకాణాలు పుట్టుకొచ్చాయి. ఉన్నదో లేదో తెలియని కంపెనీ పేరుతో అనుభవ పత్రం, జీతం చీటీలు తయారుచేసి ఇస్తారు. కొన్నాళ్లకు కంపెనీవాళ్లు ఆరా తీస్తే బండారం బయటపడుతుంది. ఉద్యోగం పోతుంది, పేరు పోతుంది. అమ్మినవాడికేం? వాడు బోర్డు మార్చుకుంటాడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ పత్రం కొనొద్దు. నీతి కోసం అనుకోండి, ప్రాణం సుఖం కోసం అనుకోండి. మూడేళ్ల అనుభవం ఉందని చెప్పి చేరినవాడిని మొదటి రాత్రే మూడేళ్ల అనుభవం ఉన్నవాడి పనికి కూర్చోబెడతారు. అయితే కొనొద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదు. నిజమైన అనుభవం దొరికే దారి ఒకటి తెరవాలి. ఆ దారి తెరవాల్సింది ఎవరు?

కుప్పం చెప్పిన పాఠం

ఇరవై ఏళ్లు దాటిన ఒక సంగతి మన జిల్లావాళ్లే మరిచిపోయారు. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అని మూడేళ్ల పథకం మొదలుపెట్టింది. పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచారు, కంప్యూటర్లు పెట్టారు. దేశవిదేశాల పత్రికలు రాశాయి. గడువు తీరాక కంపెనీ తప్పుకుంది, మోత తగ్గిపోయింది. కానీ అందులో ఒక చిన్న పని మాత్రం తలుచుకోదగ్గది. పొదుపు సంఘాల ఆడవాళ్లు కొందరికి డిజిటల్ కెమెరా, సౌరవిద్యుత్తుతో నడిచే చిన్న ప్రింటరు ఇచ్చారు. వాళ్లు ఊరూరా తిరిగి గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు ఫోటోలు తీసి డబ్బు సంపాదించుకున్నారు. కంప్యూటరు ముఖం చూడని ఆ అక్కలు ఆ విద్య ఎలా నేర్చుకున్నారు? పనిముట్టు చేతికొచ్చింది, డబ్బిచ్చే గిరాకీ ఎదుట నిలబడింది. ఫోటో చెడిపోతే మళ్లీ తీయాలి, లేకపోతే కూలి రాదు. అంతే! పనిముట్టు, గిరాకీ, బాధ్యత. ఈ మూడూ ఉన్నచోట విద్య నిలుస్తుంది. మన ఇంజనీరింగ్ పట్టభద్రుడికి ఈ రోజు ఈ మూడింటిలో ఏదుంది?

చదువు వచ్చింది, పని రాలేదు

1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో కోస్తా పెద్దలు, సీమ పెద్దలు కూర్చుని ఒడంబడిక రాసుకున్నప్పుడు అందులో నీళ్లతో పాటు చదువు కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కేంద్రం ఒకటి అనంతపురంలో పెట్టాలన్నారు. నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. చదువు మాత్రం ఆలస్యంగానైనా వచ్చింది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1959లో దాని ఇంజనీరింగ్ కాలేజీ, 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2013లో శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ, 2015లో తిరుపతి ఐఐటీ, ఐసర్. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు మదనపల్లె నుంచి పుత్తూరు దాకా ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ పుణ్యమా అని పేదింటి పిల్లలు కూడా వాటి గడప తొక్కారు.

పని మాత్రం ఎక్కడికి పోయింది? రేణిగుంట, శ్రీసిటీ దగ్గర టీవీలు, ఫోన్ల భాగాలు బిగించే ఫ్యాక్టరీలు వచ్చాయి. రానివ్వండి, మంచిదే. కానీ ఆ ఫోన్ల లోపల నడిచే పని మన దాకా రాలేదు. 2025 ఏప్రిల్‌లో విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చేందుకు మంత్రివర్గం ఒప్పుకుంది. తర్వాత కాగ్నిజెంట్‌కూ అదే ధర. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది, అదీ విశాఖకే. క్వాంటం వ్యాలీ అమరావతికి. విశాఖ పిల్లల నోటి ముద్ద మనం అడగడం లేదు. వాళ్లూ మన బిడ్డలే. అడుగుతున్నది ఒక్కటే: మన వాటా ఏది? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ముఖ్యమంత్రులను వరసపెట్టి ఇచ్చిన గడ్డ సీమ. నారావారిపల్లె ఉమ్మడి చిత్తూరు జిల్లాదే, కలికిరి ఉమ్మడి చిత్తూరు జిల్లాదే. బంతిలో మన విస్తరి ఇంకా ఖాళీగానే ఉంది!

అడగాల్సింది ఇదీ

కొత్త కంపెనీ వచ్చేదాకా కాచుకుని కూర్చోనవసరం లేదు. తిరుపతిలో పెద్ద పెద్ద కంప్యూటర్ వ్యవస్థల మీద ఆధారపడ్డ ప్రభుత్వ సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఉంది. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. స్విమ్స్ ఆసుపత్రి ఉంది. విశ్వవిద్యాలయాలున్నాయి. బిల్లులు, టికెట్లు, రోగుల చీట్లు, పరీక్షా ఫలితాలు అన్నీ సర్వర్ల మీద నడిచేవే. ఏడాదికి కొంతమంది స్థానిక పట్టభద్రులను ఈ సంస్థల్లో డెవాప్స్ అప్రెంటిస్‌లుగా ఎందుకు తీసుకోకూడదు?

చట్టం అడ్డుపడదు, దారి చూపిస్తుంది. 1961 అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి పట్టభద్రులకు కూడా వర్తింపజేశారు. 2019 నిబంధనల ప్రకారం 30 మందికి తగ్గకుండా సిబ్బంది ఉన్న సంస్థ ఆ సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. పట్టభద్రుడి కనీస భృతిలో సగం కేంద్రం భరిస్తుంది. దేవస్థానానికి చదువు కొత్త కాదు. 1945 నుంచే తిరుపతిలో ఆర్ట్స్ కాలేజీ నడుపుతోంది. బయటి సంస్థలకు కంప్యూటర్ పనులు అప్పగించేటప్పుడు "ఇంతమంది స్థానిక పిల్లలకు మీ పక్కన కూర్చోబెట్టి పని నేర్పాలి" అని ఒప్పందంలో ఒక వాక్యం రాయడానికి ఎంత ఖర్చవుతుంది? అసలు సర్వరు తాళాలు వాళ్ల చేతికివ్వమని ఎవరూ అనడం లేదు. నమూనా వ్యవస్థ మీద ఆరు నెలలు, పెద్దవాళ్ల కనుసన్నల్లో ఆరు నెలలు. ఏడాది తిరిగేసరికి దొంగ పత్రం అవసరం లేని నిఖార్సైన అనుభవం చేతికొస్తుంది.

రెండోది, అభ్యాస శాల. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె, కుప్పంలలోని ప్రభుత్వ కాలేజీల ల్యాబులు సాయంత్రానికి తాళం పడుతున్నాయి. రాత్రి తొమ్మిది దాకా, ఆదివారాలు కూడా తెరవండి. చదువైపోయినవాళ్లను కూడా రానివ్వండి. పది పాత సర్వర్లు, నిలకడైన ఇంటర్నెట్, సందేహం తీర్చే ఒక్క మనిషి చాలు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేత ప్రారంభం చేయించిన ఫైబర్‌నెట్ సినిమాలు చూడటానికే వేశారా?

మూడోది, పరీక్ష ఫీజు. సికెఎ లాంటి పరీక్ష పాసైన పిల్లలకు ఫీజు తిరిగివ్వండి. సభలు పెట్టి ఉచిత సర్టిఫికెట్లు పంచే ఖర్చులో ఇది ఎన్నో వంతు?

పిల్లలు చేయాల్సింది

అడగడంతో పాటు చేయడం కూడా ఉంది. ఐదుగురు జతకట్టండి. మొదటి రెండు నెలలు లినక్స్, నెట్‌వర్కు, గిట్, కొంచెం పైథాన్. వాటిని దాటేసి కుబెర్నెటిస్ మీదికి ఎగబడొద్దు. పునాది లేని మిద్దె అవుతుంది. తర్వాత ఒక నిజమైన పని ఎత్తుకోండి. మదనపల్లె టమోటా మార్కెట్టు ధర రోజూ చూపించే చిన్న సైటు పెట్టండి. డాకర్‌లో కట్టండి. మార్పు చేసిన ప్రతిసారీ దానంతటదే పరీక్షించి ఎక్కేలా చేయండి. పడిపోతే ఫోనుకు కబురు రావాలి. తొంభై రోజులు ఆగకుండా నడపండి. వారానికొకసారి మీలో ఒకరు కావాలని చెడగొట్టండి, మిగతావాళ్లు బాగుచేయండి. ఏం చెడింది, ఎందుకు చెడింది, ఎంతసేపట్లో బాగైంది, ఒక పుస్తకంలో రాసుకోండి. పాఠం తెలుగులో వినండి, తప్పు సందేశం ఇంగ్లీషులో చివరిదాకా చదవండి. తొంభయ్యో రోజుకు మీ నాయన, పక్కింటి రైతు ఆ సైటు చూసి బండి కట్టాలా వద్దా అని తేల్చుకుంటుంటే, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి అంతకు మించిన అనుభవం ఏముంటుంది?

2020లో కరోనా వచ్చినప్పుడు మన పిల్లలు పలమనేరు, పుంగనూరు, పీలేరుల్లో ఇంటి వసారాల్లో కూర్చుని బెంగుళూరు కంపెనీల పని చేసి చూపించారు. పని ఇక్కడ జరగదన్న మాట ఆ ఏడాదే అబద్ధమైపోయింది. సీమ బిడ్డకు చేతకాదని ఇక ఎవరూ అనలేరు. చేసే చోటు ఇవ్వలేదని మాత్రం మనం అనగలం, అనాలి. ఈసారి ఓట్లకు, శంకుస్థాపనలకు వచ్చే నాయకులు ఉచిత కోర్సుల గురించి ఉపన్యాసం మొదలుపెడితే చేయెత్తి ఒక్క ప్రశ్న వేయండి: "పాఠాలు మా ఫోనులో ఉన్నాయి సార్, అప్రెంటిస్ పోస్టులు ఎన్ని?"